దసలి పట్టు గుడ్లలో పురుగు తయారై కూడా బయటికి రావడం లేదు

సిరోంచ దగ్గర మద్ది చెట్ల మీద దసలి (టసర్) పట్టు పురుగులను పెంచుతున్నాం. మొదటి పంటకు దాచిన విత్తన కాయల్లోంచి (పురుగు అల్లుకున్న పట్టు గూళ్లు) జూన్ చివర్లో చిలుకలు, అంటే రెక్కల పురుగులు, వచ్చాయి. ఇటుక రంగు మగవి, పసుపు ఆడవి, రెక్కల మీద అద్దం బిళ్లల్లాంటి కళ్లు, అన్నీ చక్కగా ఉన్నాయి. రాత్రి జత కట్టినవాటిని పొద్దున దాకా కదిలించలేదు. ఆడవాటిని విడివిడిగా పెట్టి 3 రోజులు గుడ్లు పెట్టించాం. తల్లి పొట్ట నూరి సూక్ష్మదర్శినిలో చూశాం, పెబ్రిన్ (తల్లి నుంచి గుడ్లకు సోకే పట్టు పురుగుల జబ్బు) లేదు.

అయినా 100 గుడ్లకు 35 మించి పగలడం లేదు. నాలుగైదు రోజులకే సొట్టపడేవి కొన్నే, అవి జత సరిగా పడనివి. బాధంతా మిగతావాటితోనే. పదో రోజు దాటినా గుండ్రంగా ఉంటాయి. సూదితో పెంకు విప్పితే నల్ల తలతో పూర్తిగా తయారైన పురుగు లోపలే చచ్చి ఉంటోంది.

గదిలో వేడి 29-30 డిగ్రీలు. తేమ రాత్రి 80 శాతం, పగలు 60. తడి గోనెలు కట్టి, ఇసుక తడిపి పగలు 70 దాటించాను, ఫలితం మారలేదు. మూడో రోజు గుడ్లను క్రిములు పోవడానికి 5 శాతం ఫార్మలిన్ మందు నీళ్లలో 5 నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెడుతున్నాం. ఒక విడతకు 3 నిమిషాలే ముంచితే 40 దాకా పగిలాయి, అంతే.

పురుగు పెంకులోనే చావడానికి కారణం పగటి తేమ తగ్గడమా, మేం కడిగే పద్ధతా?