మీటింగుల్లో ఇంగ్లిష్: మాటలన్నీ తెలిసినవే, ఏం తేల్చారో మాత్రం తెలియట్లేదు

కొత్తకుర్చీ:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే టీమ్ మారాను. ఇప్పుడు నా మీటింగుల్లో ఎక్కువ భాగం బయటి దేశాల వాళ్లతోనే. మెయిల్ రాయడం, డాక్యుమెంట్ చదవడం ఇబ్బంది లేదు. మీటింగులో మాత్రం ఒక్కో మాట విడిగా తెలిసినట్టే ఉంటుంది, అన్నీ కలిపితే ఏం నిర్ణయించారో అంతుపట్టదు. "లెట్స్ పార్క్ ఇట్" అంటారు, "ఐ హావ్ ఎ హార్డ్ స్టాప్ ఎట్ ఫోర్" అంటారు. మొన్న "కెన్ యూ ఓన్ దిస్?" అని నన్నే అడిగారు. "బిజినెస్ మీటింగ్‌కి 100 పదాలు" లాంటి లిస్టులు బట్టీ పట్టి చూశాను, అవసరానికి ఒక్కటీ నోటికి రాదు. మీరంతా ఎలా నెట్టుకొచ్చారు? ముందు ఏవి నేర్చుకోవాలి?

రాత్రిషిఫ్ట్:
ముందు మీరు అడిగిన మూడూ చెప్పేస్తాను. "పార్క్ ఇట్" అంటే ఈ విషయం ఇప్పటికి పక్కన పెడదాం అని. మళ్లీ ఎత్తుతారన్న గ్యారంటీ ఏమీ లేదు, మీకు ముఖ్యమైతే మీరే గుర్తు చేయాలి. "హార్డ్ స్టాప్ ఎట్ ఫోర్" అంటే నాలుగింటికి ఏది ఎక్కడున్నా లేచి వెళ్లిపోతాను అని, కాబట్టి ఆయనతో తేల్చుకోవాల్సింది ముందే తేల్చుకోండి. "ఓన్ దిస్" అంటే పనంతా మీరొక్కరే చేయాలని కాదు. అది పూర్తయ్యేదాకా జవాబుదారీ మీరు అని. ఒప్పుకునే ముందు "బై వెన్?" అని అడగడం మరిచిపోవద్దు.

అలాగే "టేక్ ఇట్ ఆఫ్‌లైన్" అంటే ఇంటర్నెట్ ఆపేయమని కాదు, ఇంతమంది ముందు వద్దు, మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం అని. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు కూడా అంటారు. "బ్యాండ్‌విడ్త్ లేదు" అంటే తీరిక లేదు. "ఐ నీడ్ టు డ్రాప్" అంటే కాల్ నుంచి వెళ్తున్నాను అని, ఏదో వదిలేశాడని కంగారు పడొద్దు. "లూప్ హర్ ఇన్" అంటే ఆమెను కూడా ఈ సంభాషణలోకి తీసుకురండి అని. "బాల్‌పార్క్ ఫిగర్" అంటే ఉజ్జాయింపు లెక్క, "టచ్ బేస్" అంటే ఒకసారి మాట్లాడుకోవడం. ఈ రెండూ బేస్‌బాల్ నుంచి వచ్చాయి. ఆ ఆట మనం చూడం కాబట్టి అర్థం ఊహించడం కష్టమే.

వ్యాకరణంవద్దు:
నా అభిప్రాయం వేరే. ఈ "సర్కిల్ బ్యాక్" (తర్వాత మళ్లీ మాట్లాడదాం), "డీప్ డైవ్" (లోతుగా చూడటం), "లో హ్యాంగింగ్ ఫ్రూట్" (సులువుగా అయిపోయే పని) గోల అర్థం చేసుకోవడానికి సరే గానీ, మనం వాడాల్సిన పని లేదు. కాల్‌లో సగంమందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. మనం "లెట్స్ టాక్ అబౌట్ ఇట్ లేటర్" అంటే అందరికీ అర్థమవుతుంది. నుడికారం వాడితే గొప్పగా ఉంటుందన్నది భ్రమ.

సాఫ్ట్‌వేర్‌సుబ్బి:
సగం ఒప్పుకుంటా. కానీ అసలు ఇబ్బంది తెలియని మాటలతో కాదు, తెలుసని మనం అనుకునే మాటలతో.

"ఐ హావ్ ఎ డౌట్" చూడండి. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. మన దగ్గర అందరూ అలాగే అంటాం, అందరికీ అర్థమవుతుంది. అవతల వాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఒకావిడ ఎంతో కష్టపడి ప్లాన్ వివరించగానే మనం "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ప్లాన్" అంటే, ఆమెకు వినపడేది "మీ ప్లాన్ మీద నాకు నమ్మకం లేదు" అని. "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే చాలు.

"రివర్ట్" ఇంకొకటి. మన మెయిళ్లలో రివర్ట్ అంటే జవాబివ్వడం. బయట చాలామందికి పాత స్థితికి తిరిగి వెళ్లడం. డెవలపర్‌తో "ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్ బై ఈవినింగ్" అని చూడండి, చేసిన మార్పు తీసేసి కూర్చుంటాడు. "ప్రీపోన్" డిక్షనరీల్లోకి ఎక్కింది, తప్పు మాటేమీ కాదు. కానీ మన ఉపఖండం దాటితే వినని వాళ్లే ఎక్కువ. "డిస్కస్ అబౌట్" కూడా మన "గురించి చర్చించడం" నుంచి వచ్చిందే. అర్థమైతే అవుతుంది గానీ, "డిస్కస్ ద బడ్జెట్" చాలు.

రెండోబెంచి:
సుబ్బి గారు, అసలైనది వదిలేశారు. అవును, కాదు!

తెలుగులో "ఫైల్ ఇంకా రాలేదా?" అని అడిగితే, రాకపోతే "అవును, రాలేదు" అంటాం. అడిగినవాడి మాట నిజమేనని చెప్తున్నాం. ఇంగ్లిష్‌లో లెక్క వేరు. "హాజంట్ ద ఫైల్ కమ్ యెట్?" అని అడిగినప్పుడు "యెస్" అంటే వచ్చింది అని, "నో" అంటే రాలేదు అని. ప్రశ్న ఎలా అడిగారన్నది పట్టించుకోకుండా, వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టే జవాబు. మనవాళ్లు "యెస్ యెస్" అని తలూపుతారు, అవతల ఫైల్ వచ్చేసిందని రాసుకుంటారు. రెండు రోజులు పోయాక గొడవ మొదలవుతుంది. ఇది ఏ పదాల లిస్టులోనూ ఉండదు.

"డూ యూ మైండ్ ఇఫ్ ఐ రికార్డ్ దిస్?" కూడా ఈ కోవలోదే. "యెస్" అంటే నాకు అభ్యంతరం ఉందని అర్థం. మనం మర్యాదకు యెస్ అంటాం, ఆయన ఒక్క క్షణం అయోమయంలో పడతాడు. "గో ఎహెడ్" అనేస్తే పోతుంది.

దీనికి నేను పాటించే పద్ధతి ఒక్కటే. ఒట్టి యెస్, ఒట్టి నో ఎప్పుడూ చెప్పను. "నో, ఇట్ హాజంట్ కమ్" అని పూర్తి వాక్యం చెప్తాను. ఒకవేళ యెస్, నో తారుమారైనా వెనకున్న వాక్యం కాపాడుతుంది.

కొత్తకుర్చీ:
రెండోబెంచి గారూ, ఇది చదివాక గత నెల కాల్స్ అన్నీ కళ్లముందు తిరుగుతున్నాయి 😅

మినిట్స్‌మాస్టర్:
మినిట్స్, అంటే మీటింగులో ఏం జరిగిందో ఏం తేల్చారో రాసిపెట్టే పని నాది కాబట్టి అటువైపు నుంచి చెప్తాను. పద్ధతిగా జరిగే మీటింగుల్లో, ముఖ్యంగా బ్రిటిష్ సంప్రదాయం ఉన్నచోట, అజెండా మొదటి వరుసలో "అపాలజీస్" అని ఉంటుంది. ఎవరో క్షమాపణ చెప్పబోతున్నారని కాదు, రాలేకపోతున్నామని ముందే కబురు పెట్టినవాళ్ల పేర్లు అవి. తర్వాత "మ్యాటర్స్ అరైజింగ్", అంటే పోయినసారి మినిట్స్‌లో మిగిలిన సంగతులు. చివర్లో "ఏఓబీ", ఎనీ అదర్ బిజినెస్. అజెండాలో లేనిది ఏదైనా ఉంటే అక్కడ ఎత్తాలి. కోరం అంటే నిర్ణయం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు. "చెయిర్" అంటే కుర్చీ కాదు, మీటింగ్ నడిపే మనిషి.

ఇక "టేబుల్" అన్న మాట దగ్గర జాగ్రత్త. బ్రిటన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేయడమంటే చర్చకు పెట్టడం. అమెరికాలో దానికి పూర్తి వ్యతిరేకం, చర్చ వాయిదా వేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశారు. వాళ్లకే తప్పనిది మనకెందుకు? "డిస్కస్ నౌ" అనో "లీవ్ ఇట్ ఫర్ లేటర్" అనో అనండి.

"ఓవర్‌సైట్" కూడా అలాంటిదే. పర్యవేక్షణ అనీ అర్థం ఉంది, పొరపాటున వదిలేయడం అనీ ఉంది. మినిట్స్‌లో నేను ఆ మాట రాయనే రాయను.

టైమ్‌జోన్‌బాధితుడు:
తేదీలు, టైముల గురించి ఎవరూ చెప్పలేదేం? నా కష్టాలన్నీ అక్కడే.

"బైవీక్లీ" అంటే వారానికి రెండుసార్లనీ అర్థం ఉంది, రెండు వారాలకు ఒకసారనీ ఉంది. డిక్షనరీలో రెండూ ఉంటాయి, కాబట్టి డిక్షనరీ చూసి లాభం లేదు. "ఎవ్రీ టూ వీక్స్" అనాలి. "ఫోర్ట్‌నైట్" (రెండు వారాలు) బ్రిటన్ వాళ్లకు రోజువారీ మాట, అమెరికా వాళ్లు పెద్దగా వాడరు. 03/04 అంటే అమెరికాలో మార్చి 4, మిగతా చాలా దేశాల్లో ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఈ బాధే ఉండదు. బ్రిటన్ మనిషి "హాఫ్ టెన్" అంటే పదిన్నర. జర్మన్ భాషలో అచ్చం అలాంటి మాటకే అర్థం తొమ్మిదిన్నర. ఈ ఇద్దరూ ఒకే కాల్‌లో ఉంటే టైమ్ అంకెల్లో చాట్‌లో పెట్టేయండి.

"వెన్స్‌డే మీటింగ్ హాజ్ బీన్ మూవ్డ్ ఫార్వర్డ్ టూ డేస్" అన్న వాక్యాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాల్లో వాడారు. ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లలోనే కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. కాబట్టి ముందుకా వెనక్కా అన్న చర్చే వద్దు, "మూవ్డ్ టు మండే" అనండి. "ఈఓడీ" (ఎండ్ ఆఫ్ డే) అన్నప్పుడు కూడా ఎవరి రోజు ముగిసేసరికో అడగాలి. అమెరికా వాళ్ల సాయంత్రం మనకు అర్ధరాత్రి దాటాక.

డబ్బు లెక్కల్లో లక్షలు, కోట్లు చెప్తే బయటివాళ్లకు అర్థం కాదు. పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్. మాట్లాడుతూ మనసులో మార్చడం కష్టం, ముందే కాగితం మీద మార్చి పెట్టుకోండి.

కొత్తకుర్చీ:
అర్థం చేసుకోవడం వరకు చాలా సాయపడింది, థాంక్స్. ఇప్పుడు రెండో భాగం. మాట్లాడదామని నోరు తెరిచేలోపు వాళ్లు తర్వాతి టాపిక్‌కి వెళ్లిపోతారు. అర్థం కానప్పుడు "ప్లీజ్ రిపీట్" అంటే అదే వాక్యం కాస్త గట్టిగా చెప్తారు. మళ్లీ అడగాలంటే మొహమాటం.

రాత్రిషిఫ్ట్:
మధ్యలో దూరడానికి నాకు బాగా పనికొచ్చింది "బిఫోర్ వీ మూవ్ ఆన్". ఈ నాలుగు మాటలు అంటే చాలు, మీటింగ్ నడిపే మనిషి ఆగుతారు. మిగతా వాక్యం కూడబలుక్కోవడానికి ఒకటి రెండు క్షణాలు దొరుకుతాయి. "కెన్ ఐ జంప్ ఇన్ హియర్?" కూడా మర్యాదైనదే. టాపిక్ దాటిపోయినా ఫర్వాలేదు, "కెన్ వీ గో బ్యాక్ టు ద బడ్జెట్ ఫర్ ఎ సెకండ్?" అనొచ్చు.

సాఫ్ట్‌వేర్‌సుబ్బి:
రిపీట్ అనొద్దు. "కుడ్ యూ సే దట్ అనదర్ వే?" అంటే వేరే మాటల్లో చెప్పక తప్పదు. ఇంకా మంచిది, మీకు అర్థమైన ముక్కతో ప్రశ్న వేయడం. "వెన్ యూ సే ఫ్రైడే, డూ యూ మీన్ ద డ్రాఫ్ట్ ఆర్ ద ఫైనల్ వర్షన్?" అన్నారనుకోండి, మీకు అర్థం కాలేదని ఎవరూ అనుకోరు, పట్టించుకుని వింటున్నారనుకుంటారు. చాలాసార్లు ఆ సంగతి వాళ్లకే తేలి ఉండదు!

చివర్లో "సో, జస్ట్ టు కన్ఫర్మ్" అని మొదలుపెట్టి ఎవరు ఏ పని ఎప్పటికి చేయాలో మీ మాటల్లో ఒకసారి అప్పజెప్పండి. తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అక్కడే దిద్దుతారు.

వ్యాకరణంవద్దు:
కాదు అని చెప్పడం గురించి కూడా ఒక ముక్క. మనవాళ్లు "ఐ విల్ ట్రై" అంటారు. మనలో మనకు అది "కష్టమే" అనడానికి మర్యాదైన మాట. అవతలివాళ్లు ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. "ఐ కాంట్ డూ ఇట్ బై థర్స్‌డే, ఐ కెన్ డూ ఇట్ బై మండే" అనండి. కాదన్నదీ ఉంది, ఎప్పటికవుతుందన్నదీ ఉంది.

ఎదుటివాళ్ల మాట తప్పనిపిస్తే "దట్ ఈజ్ రాంగ్" కంటే "మై కన్సర్న్ ఈజ్..." అని మొదలుపెట్టడం మేలు. ముక్కుసూటిగా మాట్లాడే టీమ్‌లూ ఉంటాయి, అక్కడ ఇంత మెత్తదనం అక్కర్లేదు. "ఐ యామ్ అఫ్రెయిడ్" అంటే భయం కాదని అందరికీ తెలిసే ఉంటుంది. ఆ మాట వినగానే వెనక చెడ్డ వార్త ఉందని సిద్ధపడండి.

మినిట్స్‌మాస్టర్:
బ్రిటన్ వాళ్లు "క్వైట్ గుడ్" అంటే పొంగిపోకండి. అమెరికా మనిషి అంటే చాలా బాగుందని, బ్రిటన్ మనిషి అంటే చాలాసార్లు ఫర్వాలేదు అని మాత్రమే. "విత్ రెస్పెక్ట్" అని మొదలుపెడితే తర్వాత వచ్చేది వ్యతిరేకతే.

కొత్తకుర్చీ:
వచ్చే వారం మా మేనేజర్ సెలవు. స్టేటస్ మీటింగ్ నన్నే నడపమన్నారు. టెన్షన్‌గా ఉంది. మొదలు, ముగింపు ఏమనాలో చెప్పండి చాలు.

టైమ్‌జోన్‌బాధితుడు:
మొదట్లో "షల్ వీ గెట్ స్టార్టెడ్?" చాలు. ఆ తర్వాత ఏ నిర్ణయాలు కావాలో ఒక్క వాక్యంలో చెప్పండి: "బై ద ఎండ్, వీ నీడ్ టు డిసైడ్..." ఎవరైనా సాగదీస్తుంటే "ఇన్ ది ఇంటరెస్ట్ ఆఫ్ టైమ్" అని ఆపొచ్చు, ఎవరూ నొచ్చుకోరు. "యూ ఆర్ ఆన్ మ్యూట్" ఎలాగూ వాడతారు, దానికి ప్రాక్టీస్ అక్కర్లేదు.

రెండోబెంచి:
"ఎనీ క్వశ్చన్స్?" అని అందరినీ కలిపి అడిగితే ఎవరూ నోరు మెదపరు. పేరు పెట్టి అడగండి. అందరూ సరేనన్నారా అని తెలుసుకోవడానికి "డజ్ ఎనీవన్ డిసగ్రీ?" బాగుంటుంది. "నో బడీ డిసగ్రీస్, రైట్?" అని మాత్రం అడగొద్దు. మన టీమ్ వాళ్లు యెస్ అంటారు, వాళ్లు నో అంటారు, ఇద్దరి ఉద్దేశం ఒకటే అయినా మినిట్స్ రాసేవాళ్ల ప్రాణం పోతుంది.

మినిట్స్‌మాస్టర్:
నిజంగా పోతుంది.

రాత్రిషిఫ్ట్:
ముందే అయిపోతే "ఐ విల్ గివ్ యూ టెన్ మినిట్స్ బ్యాక్" అనండి. మిగిలిన పది నిమిషాలు మీకే వదిలేస్తున్నాను అని. మీటింగ్ ఇంగ్లిష్ మొత్తంలో అందరికీ ఒక్కసారి వినగానే అర్థమయ్యే వాక్యం అదే.