సమస్యాపూరణం: సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యరీతిలో ఒక పాదం. ఇది నాలుగో పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

సరసు నడుమను సైకిలు సాగిపోయె

చదవగానే ఇదెలా కుదురుతుందని అనిపించాలి, ఆలోచిస్తే కుదరాలి. అదే సమస్య లక్షణం. ఈ పాదం నాకు పులికాట్ సరస్సు మీద తట్టింది. చలికాలంలో ఎనిమిది మందిమి ఒక గైడును వెంటబెట్టుకుని, గేరు సైకిళ్ల మీద సూళ్లూరుపేట నుంచి బయలుదేరాం. శ్రీహరికోట దాకా సుమారు 18 కిలోమీటర్లు. ఆ దారిలో చాలాభాగం సరస్సును చీల్చుకుంటూ పోయే కట్ట మీదే. రెండు వైపులా నీళ్లు, మధ్యలో మనం. షార్ (శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం) గేటు కన్నా ముందే వెనక్కి తిరగాలి, అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు. గైడు అక్కడి చేపలవాళ్ల కుటుంబంలో పుట్టినవాడు. ఇసుక దారిలోకి దిగే ముందు మా టైర్లలో గాలి కొంచెం తీయించాడు. తిరిగొచ్చాక ఉప్పు పట్టిన గొలుసులను మంచినీళ్లతో కడిగించాడు.

ఒక్కటే కోరుతున్నాను. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు), గణాలు (గురులఘువుల గుంపులు) ఎలాగూ చూస్తాం. చూసినదాన్ని రాయండి. చూడనివారు చూసినవారిని అడిగి రాయండి.

పెన్నాతీరం:
నేనే మొదలుపెడుతున్నాను.

పెందలకడనె సూళ్లూరుపేట విడిచి
అటునిటును నీళ్లె కనుపింప నలలు పలుక
కట్ట రహదారి వెంబడి గాలి కెదురు
సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
గణాలు సరి, యతులు సరి. ‘గాలి కెదురు’ చదువుతుంటే మోకాళ్లు మళ్లీ నొప్పెట్టాయి. రెండు చిన్న సవరణలు. ‘విడిచి’ తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి యడాగమంతో (మధ్యలో యకారం చేర్చి) ‘యటునిటును’ అనండి. ‘పలుకన్’ ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే మాట, కాబట్టి ‘కట్ట’ సరళాదేశంతో (కకారం గకారమై) ‘గట్ట’ అవుతుంది. యతికి దెబ్బ లేదు, క-గ ఒకే వర్గం.

కలంగి:
నాది సూళ్లూరుపేటే. అన్నా, ‘అలలు పలుక’ దగ్గర నా మనసు ఒప్పుకోలేదు. పులికాట్ లోతు సగటున మీటరు మాత్రమే. కట్ట పక్కన నీళ్లు గాలికి సన్నగా వణుకుతాయి, పలికేంత అలలు ఉండవు. సముద్రం శ్రీహరికోటకు అవతల ఉంది. ఇది వేరే నీరు.

నిర్వాహకుడు:
చాలా మంచి మాట. ‘కనుపింప హంసలాడ’ అంటే ఎలా ఉంటుంది? యకారానికి హకారం యతిమైత్రి ఉంది, గణాలూ చెడవు.

తిప్పమీద పిట్ట:
హంస అనొద్దండీ. అక్కడికి వచ్చేవి ఫ్లెమింగోలు. పత్రికల్లో రాజహంసలని రాస్తున్నారు గానీ పూకొంగ అన్న పాత తెలుగు మాట ఉండనే ఉంది. ఆ రంగుకు అంతకన్నా మంచి పేరేముంటుంది? తల తలకిందులు చేసి, వంకర ముక్కుతో బురదనీళ్లు వడగట్టి తింటుంది. తిన్న నాచులోను, చిన్న రొయ్యల్లోను ఉన్న రంగే ఈకలకు ఎక్కుతుంది. అటకానితిప్ప దగ్గర గైడు ఇదంతా చెప్పి దుర్భిణి చేతికిచ్చాడు. అక్కడ చూసిందే రాశాను.

చేయి యెత్తెను గైడు మా చెంత నిలిచి
పూలకొంగల గుంపులు పూచె నెదుట
గంట మోగక చప్పుడు గాక యుండ
సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
‘గుంపులు పూచె’! ఈ రెండు మాటల కోసమే ఈ సమస్య ఇచ్చాననిపించింది. ‘పూకొంగ’ను ‘పూలకొంగ’ చేశారు, గణం కోసమే అయినా అందంగా ఉంది.

పెన్నాతీరం:
అక్కా, ఒక సందేహం. గైడు చెయ్యెత్తితే ఆగమని గదా అర్థం? మరి సైకిలు సాగిపోవడమేమిటి?

తిప్పమీద పిట్ట:
నిజమే తమ్ముడూ. మొదట చెయ్యెత్తి ఆపాడు, పిట్టలు కుదురుకున్నాక నెమ్మదిగా పొమ్మని చెయ్యి ఊపాడు. పద్యంలో మొదటిదే పడింది. మొదటి పాదం మారుస్తున్నాను:

చేయి యూపెను గైడు మా చెంత నిలిచి

నిర్వాహకుడు:
ఇప్పుడు అర్థం అతికింది. సవరణతో స్వీకరిస్తున్నాను.

కలంగి:
కట్ట ఊసెత్తకుండా నేనొకటి రాశాను.

ఎండ ముదిరిన నెలలలో నిగిరె నీరు
నెర్రె లిచ్చిన యడుగున నెగసె దుమ్ము
చేప లీదిన తావున జెప్పు నడచె
సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
కలంగి గారూ, మూడో పాదం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ‘చేప లీదిన తావున జెప్పు నడచె’. సమస్యకు పరిష్కారం దొరికిందన్న సంతోషం కన్నా దిగులే ఎక్కువ కలిగింది. ఉత్తరాన రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతుంటే సముద్రపు నీరు లోపలికి రాదు. వేసవిలో ఆ వైపు సరస్సు మైదానమైపోతుంది. వల వేసి బతికే కుటుంబాలు ఆ నెలల్లో ఏం చేయాలి? చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదని పాఠాల్లో చదువుకుంటాం. దాని అడుగున బండ్ల చాళ్లు పడటం గురించి చదువుకోం.

ఇక లక్షణం. రెండో పాదంలో యతి తప్పింది. ‘అడుగునన్ + ఎగసె’ కలిసి ‘నెగసె’ అయింది, అక్కడ యతికి లెక్కకొచ్చేది ఎకారమే. పాదం మొదట్లో ‘నె’ హల్లుతో ఉంది, రెంటికీ కుదరదు. ‘నిండె దుమ్ము’ అనండి. ‘నిండె’లో నకారం ఆ మాటదే.

కలంగి:
నెర్రె లిచ్చిన యడుగున నిండె దుమ్ము. సరిపోయింది. దుమ్ము ఎగరడం కన్నా నిండటమే అక్కడి నిజం కూడా. ధన్యవాదాలు.

మదరాసు తెలుగు:
మేం సరస్సు దక్షిణపు కొస వాళ్లం. నా పూరణ:

ప్రళయకావేరి యని పేరు పాతనాడు
కోట గట్టిరి డచ్చులు కొసను చేరి
కథలు గైడు చెప్పగ మేము గట్టు వెంట
సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
ప్రళయకావేరి! పులికాట్ పాత పేరును పద్యంలో చూడటమే ఆనందం. 1613లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టిన పళవేర్కాడు (పులికాట్ ఊరు) ఇప్పుడు తమిళనాడులో ఉంది, ‘కొసను’ అన్నది సరిగ్గా పడింది. మూడో పాదంలో ‘మేము’కు క్రియ లేదు, సాగిపోయింది సైకిలే. ‘కథలు గైడు చెప్పుచు నుండ గట్టు వెంట’ అంటే అన్వయం కుదురుతుంది.

పెన్నాతీరం:
ఇంకొకటి పంపవచ్చా? రాకెట్టు లేకుండా శ్రీహరికోట పక్కన పద్యమేమిటని రాశాను.

నిప్పు తోకతో రాకెట్టు నింగి కెగయ
నీరు దర్పణమై దాని నీడ బట్ట
రెండు మంటల మధ్యగా రేయి వేళ
సరసు నడుమను సైకిలు సాగిపోయె

తిప్పమీద పిట్ట:
తమ్ముడూ, ఒళ్లు జలదరించింది. కానీ రాత్రివేళ ప్రయోగమప్పుడు నువ్వు ఆ కట్ట మీద ఉన్నావా?

పెన్నాతీరం:
లేనక్కా. రాకెట్టును సూళ్లూరుపేటలో మేడ మీద నుంచి చూశాను. సైకిలు తొక్కింది మరోసారి. రెండూ కలిపాను.

నిర్వాహకుడు:
కలపవచ్చు. ఆ వెలుగూ మీరు చూసిందే, ఆ నీళ్లూ మీరు చూసినవే. చూడనివి కలిపితేనే నాకు అభ్యంతరం. ‘రెండు మంటల మధ్యగా’ అన్నది సమస్యలోని ‘నడుమ’కు కొత్త అర్థం తెచ్చింది.

కొత్త కలం:
నాకు ఛందస్సు నేర్చుకుంటూ రెండు నెలలే అయింది, పంపాలంటే టెన్షన్‌గా ఉంది. మొదటి పాదమే కుదరడం లేదు: ‘భీమునివారి పాలెంలో పడవ చూసి’. ఎక్కడ తప్పు?

నిర్వాహకుడు:
ధైర్యంగా అడిగారు, సంతోషం. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు వరుసగా రావాలి. ‘భీము’ సూర్యగణం, బాగుంది. తర్వాత ‘నివారి’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఇంద్రగణాల్లో జగణం లేదు. ఊరి పేరు మార్చలేం గనక పాదంలో దాని చోటు మార్చాలి. ‘భీముని’ భగణం (గురువు, రెండు లఘువులు), ఇది ఇంద్రగణమే, మూడో గణంగా పెట్టండి. ‘వారి’ నాలుగో గణం అవుతుంది, యతి ‘వా’ మీద పడుతుంది. పాదాన్ని వకారంతో మొదలుపెట్టి చూడండి. ‘పాలె’ దగ్గర పాదం ఆగినా ఫర్వాలేదు, మిగిలిన అక్షరాలు కింది పాదంలోకి వెళ్తాయి.

కొత్త కలం:
రాత్రంతా కూర్చున్నాను. తడ దగ్గర భీమునివారిపాలెంలో గైడు మా సైకిళ్లను పడవలోకి ఎక్కించి ఇరకం దీవికి తీసుకెళ్లాడు. అది రాశాను.

వచ్చి దిగితిమి భీమునివారిపాలె
మునను, పడవలో నెక్కింప ముందువరుస
నిరకమను దీవి దారిలో నెండలోన
సరసు నడుమను సైకిలు సాగిపోయె

నిర్వాహకుడు:
యతులు వ-వా, ము-ము, ఇ-ఎ, అన్నీ సరి. అందరం సైకిలు తొక్కుతూనే ఆలోచించాం. తొక్కకుండా దాన్ని పడవలో పంపవచ్చని సమస్య ఇచ్చిన నాకే తట్టలేదు. ‘ఎండలోన’ ఒక్కటే పాదం నింపడానికి వచ్చినట్టుంది. ఆ పడవలో ఇంకేం కనిపించిందో గుర్తు తెచ్చుకుని అక్కడ పెట్టండి.

కొత్త కలం:
గైడు రెండు చేతులతో రెండు సైకిళ్లను పట్టుకుని నిలబడ్డాడండీ, అవతలి ఒడ్డు దాకా. దానికి ఆరు మాత్రల మాట దొరికితే చాలు. రేపు పంపిస్తాను.