డీకోడర్ ఉన్న ఇంజన్‌ని పాత డీసీ మోడల్ రైలు లేఅవుట్ మీద నడపొచ్చా, కూడదా?

నల్లపాడు_లూప్:
బెజవాడ సత్యనారాయణపురంలో మాస్టారి మేడ మీద బొమ్మ రైళ్ళ లేఅవుట్ ఇక్కడ చాలామంది చూసిందే. హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు), విడివిడిగా కరెంటిచ్చే 12 పట్టాల బ్లాకులు, రెండు కంట్రోలర్లు, మొత్తం డీసీ, అంటే పట్టాల వోల్టేజీ పెంచి తగ్గించి నడిపే పాత పద్ధతి. పోయిన ఆదివారం గుంటూరు నుంచి నా డీజిల్ ఇంజన్ పట్టుకెళ్ళా, లోపల డీకోడర్ (డిజిటల్ ఆజ్ఞలు చదివి మోటారుని నడిపే చిన్న సర్క్యూట్) ఉంది. పది నిమిషాలు బానే తిరిగింది, తర్వాత కాలిన వాసనొచ్చి ఆగిపోయింది. ఇంటికొచ్చి డీసీసీ (పట్టాల మీదుగా డీకోడర్‌కి ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి) మీద పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. డిజిటల్ ఇంజన్ అనలాగ్ పట్టాల మీద పెట్టడం తప్పా కాదా, అది చెప్పండి చాలు.

సిగ్నల్_మాస్టారు:
తప్పు కాదు బాబూ. డీసీ మీద నడుస్తుందని డీకోడర్‌తో వచ్చిన కాయితంలోనే ఉంది, నువ్వే చదివి వినిపించావు. దానికి డీకోడర్‌లో సీవీ29 అనే సెట్టింగులో 4 విలువున్న బిట్ ఆన్‌లో ఉండాలి, నీ ఇంజన్‌లో సీవీ29 విలువ 6, అంటే 4+2, ఆన్‌లో ఉన్నట్టే. నా కంట్రోలర్ మీద 20 ఏళ్ళుగా తొమ్మిది ఇంజన్లు తిరుగుతున్నాయి, ఒక్కటీ కాల్లేదు.

తెనాలి_పాసింజర్:
నాది కూడా డీసీ మీద నడుస్తుంది. 5, 6 వోల్టులు వచ్చేదాకా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. అంతే తేడా.

కృష్ణాకెనాల్:
కాయితంలో రాసిందీ నిజమే, ఇంజన్ కాలిందీ నిజమే. ఆ కంట్రోలర్ ఏ రకం అని మాత్రం ఎవరూ అడగట్లేదు. నేను చూశా, చేత్తో పట్టుకునే ఫీడ్‌బ్యాక్ రకం అది. నికరమైన డీసీ ఇవ్వదు, ముక్కలు ముక్కలుగా పల్సులు పంపి మధ్య మధ్యలో మోటారు నుంచి వెనక్కొచ్చే వోల్టేజీ చూసుకుని స్పీడు సర్దుతుంది. మామూలు మోటారుకి అది వరమే, చీమలా పాకుతుంది ఇంజన్. కానీ డీకోడర్ ఉన్న ఇంజన్‌లో మోటారు నేరుగా పట్టాలకి తగలదు కదా, మధ్యలో డీకోడర్ ఉంది, కంట్రోలర్ అక్కడ చూసేది మోటారుని కాదు, ఇంక దాని లెక్కంతా తప్పుతుంది. డీకోడర్లు చేసేవాళ్ళే ఈ రకం కంట్రోలర్లు వాడొద్దని చెప్తారు. నిప్పురవ్వ కొట్టి పట్టాలు శుభ్రం చేసే హై ఫ్రీక్వెన్సీ పెట్టె కూడా అంతే, డీకోడర్ ఇంజన్ ఉన్నప్పుడు అది ఆన్ చేయకూడదు.

సిగ్నల్_మాస్టారు:
పల్సే దోషం అంటే డీసీసీ కూడా పల్సులే కదండీ. పట్టాల మీద ఎప్పుడూ 14, 15 వోల్టులు అటూ ఇటూ తిరుగుతూ ఉండే స్క్వేర్ వేవ్. అది తట్టుకునే డీకోడర్ నా పల్సుకి కాలిందంటే నేను నమ్మను.

కృష్ణాకెనాల్:
ఆ వేవ్‌కి ఒక లెక్కుంది మాస్టారూ. 1 అంటే వేవ్‌లో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, 0 అంటే ఒక్కో సగం 100 లేదా ఆపైన. డీకోడర్ దాన్ని చదువుకుంటుంది, కరెంటూ నిరంతరం అందుతుంది. మీ పల్సులో చదవడానికేం లేదు, దానికది సెకనుకి ఎన్నోసార్లు కరెంటు పోయి వస్తున్నట్టే.

సిగ్నల్_మాస్టారు:
మల్టీమీటర్ పెడితే 9 వోల్టులే చూపించింది.

కృష్ణాకెనాల్:
మల్టీమీటర్ సగటు చూపిస్తుంది. ఒక్కో పల్సు ఎంత ఎత్తుకి లేస్తుందో దాన్లో కనపడదు.

సిగ్నల్_మాస్టారు:
9 అంటే 9 అండి. 31 ఏళ్ళు సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో మీటర్లు పట్టుకున్నా.

నల్లపాడు_లూప్:
మీటరు సంగతి వదిలేయండి మాస్టారూ. మూడు నెలలు ఓటీ చేసి కొన్న ఇంజన్ అది. మీ ఎదురుగా కాలింది, అయ్యో అని ఒక్క మాట అన్లేదు మీరు. టీ తాగి వెళ్ళు అన్నారు.

పటమట_ఫ్రెండ్:
పెద్దాయనతో అలా మాట్లాడకు తమ్ముడూ.

నల్లపాడు_లూప్:
మాట్లాడతా అన్నా, రెండేళ్ళ నుంచి ఆగా. ప్రతి ఆదివారం గుంటూరు నుంచి పాసింజర్ ఎక్కి, కృష్ణ దాటి వస్తా. వచ్చి గోడకి ఆనుకుని నిలబడతా. కంట్రోలర్లు ఉన్నవే రెండు, ఒకటి మాస్టారి చేతిలో, రెండోది కృష్ణాకెనాల్ గారి చేతిలో. డీసీసీ పెడదామని నేనంటున్నది ఫ్యాషన్ కోసం కాదు. అందులో ఎవరి ఇంజన్ వాళ్ళే నడుపుకుంటారు, ఒకే లైన్లో రెండు ఇంజన్లున్నా దేని ఎడ్రస్ నంబరు దానిది. నాకూ బండి నడపాలని ఉంది, అందుకే అడుగుతున్నా.

తెనాలి_పాసింజర్:
ఇది మాత్రం నిజం. నాకూ ఎప్పుడూ చేతికి రాలేదు.

సిగ్నల్_మాస్టారు:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. ఆ ప్యానెల్లో ఒక్కో బ్లాకుని రెండు కంట్రోలర్లలో ఒకదానికి కలిపే 12 టోగుల్ స్విచ్‌లూ వెనకాల వైర్లూ నేనూ నా స్నేహితుడూ రెండు వేసవులు మేడ మీద ఆ ఎండలో కూర్చుని సోల్డర్ చేసినవి. ఆయన ఇప్పుడు లేడు. మీరు ‘డీసీసీకి రెండు వైర్లు చాలు మాస్టారూ, ఈ జంజాటం దేనికి’ అన్న ప్రతిసారీ ఆ ప్యానెల్ పాత సామాన్లవాడికి వేస్తున్నట్టే వినపడుతుంది నాకు. పైగా నా ఇంజన్లన్నీ పాతవి. వాటిలో మోటారుకి కరెంటిచ్చే ఒక బ్రష్ ఇంజన్ చాసిస్‌కే తగిలి ఉంటుంది, దాన్ని విడదీయకుండా డీకోడర్ పెడితే వెంటనే పోతుంది. వాటిని కోయనివ్వను.

కృష్ణాకెనాల్:
ప్యానెల్ పీకమని ఎవరన్నారండీ. మాస్టారి చేతిలోది ‘ఏ’, నా చేతిలోది ‘బి’ కదా, ఆ బి కంట్రోలర్ తీసేసి, ఆ రెండు వైర్లకే డీసీసీ ఇద్దాం. డీసీసీ రోజున టోగుళ్ళన్నీ బి వైపు, ‘ఏ’ కంట్రోలర్ ప్లగ్గు గోడలోంచి బయటికి. సగం బ్లాకులు ‘ఏ’, సగం ‘బి’ మాత్రం ఎప్పుడూ వద్దు, రెండు బ్లాకుల మధ్య గ్యాప్ మీద చక్రం ఎక్కిన క్షణం రెండు సప్లైలూ కలిసిపోతాయి, ఈసారి కాలేది ఒక్క డీకోడర్‌తో ఆగదు. పట్టాలకి కరెంటిచ్చే చోట కెపాసిటర్ ఉంటే తీసేయాలి. మాస్టారి ఇంజన్లు ఆ రోజు అరలోనే ఉండాలి, డీసీసీ పట్టాల మీద ఊరికే నిలబెట్టినా వాటి మోటార్లు గుయ్యిమంటూ వేడెక్కుతాయి.

సిగ్నల్_మాస్టారు:
నెలలో రెండు ఆదివారాలు డీసీ, రెండు డీసీసీ. బి వైర్లు నేనే విప్పుతా, ఇంకెవరూ చెయ్యి పెట్టద్దు. అబ్బాయ్, కొత్త డీకోడర్‌కి సగం డబ్బులు నేనిస్తా. కంట్రోలర్ వల్లే కాలిందని మాత్రం ఒప్పుకోను.

నల్లపాడు_లూప్:
డబ్బులొద్దు మాస్టారూ. ఆ హ్యాండ్ కంట్రోలర్ నా ఇంజన్ మీద ఇంక వాడనని చెప్పండి చాలు.

సిగ్నల్_మాస్టారు:
వాడను.

తెనాలి_పాసింజర్:
డీసీసీ ఆదివారం నా ఇంజన్ కూడా తెస్తా. ఎడ్రస్ ఏం మార్చలేదు, 3 ఉంది.

నల్లపాడు_లూప్:
కొత్త డీకోడర్ కూడా 3తోనే వస్తుంది అన్నా, ఒక్క నాబ్ తిప్పితే రెండూ కదుల్తాయి. నీది 4 చేసుకుని రా.