42 ఏళ్ళకు లేజర్ ఆపరేషన్: కళ్ళజోడు పోతుందా, మారుతుందా?

నల్ల ఫ్రేము: నాకు 42. రెండు కళ్ళకూ మైనస్ 4. ఎప్పుడైనా కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటాను, మిగతా రోజులన్నీ కళ్ళజోడే. ఈత కొలనులో దిగితే పిల్లలు ఏ మూలన ఉన్నారో తెలియదు, ఆ టెన్షన్ వేరు. పరీక్షలు చేయించాను, "మీకు లాసిక్ (లేజర్‌తో కళ్ళజోడు పవర్ పోగొట్టే ఆపరేషన్) చేయొచ్చు" అన్నారు. ఇంట్లో మాత్రం "బాగున్న కళ్ళ మీద కోత ఎందుకు" అంటున్నారు. మీరేమంటారు?

ఈతగాడు: చేయించుకోండి. నాది మైనస్ 5, చేయించుకుని ఆరేళ్ళయింది. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ కళ్ళజోడు కోసం తలగడ పక్కన తడుముతుంటే, గోడ గడియారంలో సెకన్ల ముల్లు కనిపించింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇబ్బందులు లేవనను. మూణ్ణాలుగు నెలలు కళ్ళలో ఇసుక పోసినట్టు ఉండేది, చుక్కల మందు జేబులోనే. రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కూడా కొన్నాళ్ళు కనిపించాయి. అవన్నీ తగ్గాయి.

రెండు జోళ్ళు: ఈతగాడు గారూ, అప్పుడు మీ వయసెంత?

ఈతగాడు: 28.

రెండు జోళ్ళు: అదీ తేడా. లేజర్ చెక్కేది కంటి ముందు భాగంలోని పారదర్శక పొరను, అంటే కార్నియాను. నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారే చత్వారం వచ్చేది లోపలి లెన్స్ బిగుసుకుపోవడం వల్ల. దాని జోలికి లేజర్ పోదు. నల్ల ఫ్రేము గారూ, మందు సీసా మీది సన్న అక్షరాలు ఒకసారి కళ్ళజోడుతో, ఒకసారి అది తీసేసి చదివి చూడండి. మైనస్ 4 కన్ను అద్దాల్లేకుండా 25 సెంటీమీటర్ల దూరంలో శుభ్రంగా చదువుతుంది. దూరం చూపు పూర్తిగా సరిచేస్తే ఆ వరం పోతుంది. నేను 45లో చేయించుకుని ఇప్పుడు చదవడానికి ఒక జోడు, కంప్యూటర్‌కి ఒక జోడు మోస్తున్నాను. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

నల్ల ఫ్రేము: చూశాను. కళ్ళజోడుతో అయితే సీసాను దూరం జరపాల్సి వచ్చింది. తీసేస్తే హాయిగా చదివాను. రోజూ పడుకునే ముందు ఫోను అలాగే చూస్తున్నానని ఇప్పుడే గమనించాను!

ఈతగాడు: చత్వారాన్ని లేజర్ ఖాతాలో రాయకండి. ఆపరేషన్ మానేసినా, జోడు తీయకుండా చదవాలంటే బైఫోకల్ లాంటిది కావాల్సిందే. పొద్దస్తమానం మోసే జోడు కన్నా చదివేటప్పుడు మాత్రమే పెట్టుకునేది నయం కాదా?

రెండు జోళ్ళు: రోజంతా బయట తిరిగేవాళ్ళకు నయమే. రోజంతా కాగితాల్లో తల పెట్టేవాళ్ళకు కాదు.

మైనస్ ఎనిమిది: నన్ను వద్దని పంపేశారు, అందుకే చెబుతున్నా. "చేయొచ్చు" అన్న మాట కాదు, అంకెలు అడగండి. మామూలుగా కార్నియా మందం మధ్యలో 540 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది, నాది 490. లాసిక్‌లో పైన లేపే పొర 110. లేజర్ చెక్కేసేది ఒక్కో పవర్‌కి సుమారు 14 చొప్పున ఎనిమిదికి 112. మిగిలేది 268. కనీసం 250 మిగలాలంటారు కదా, సరిపోయింది కదా అని నేను వాదించాను. డాక్టర్ నా కార్నియా ఆకారం మ్యాప్ చూపించారు. కార్నియా కింది భాగం కాస్త ఉబ్బెత్తుగా ఉంది. "కళ్ళు నులుముకునే అలవాటుందా?" అని అడిగారు. ఉంది. అది కెరటోకోనస్‌కి (కార్నియా పలచబడి శంకువులా ముందుకు ఉబ్బే జబ్బుకి) మొదలు కావచ్చు, అలాంటి కన్ను పలచబడితే ఇంకా ఉబ్బుతుంది అన్నారు. ఆ రోజు కోపమొచ్చింది, ఇప్పుడు దండం పెడతాను. ఇంతకీ, పరీక్షకు ముందు లెన్స్ ఎన్నాళ్ళు మానేశారు?

నల్ల ఫ్రేము: ముందురోజు రాత్రి తీశాను. మానేయాలని ఎవరూ చెప్పలేదు.

మైనస్ ఎనిమిది: అయితే ఆ కొలతలు పక్కన పడేయండి. లెన్స్ కార్నియా ఆకారాన్ని మారుస్తుంది. మెత్తటి లెన్స్ అయితే రెండు వారాలు, గట్టిదైతే ఇంకా ఎక్కువ రోజులు మానేసి కొలవాలి. మైనస్ ఉన్నవాళ్ళు రెటీనా (కంటి లోపల వెనక పొర) కూడా చూపించుకోవాలి. లేజర్‌తో పవర్ పోతుంది గానీ పొడవుగా పెరిగిన కనుగుడ్డు పొట్టిదవదు, దాంతో సాగిన రెటీనాకు ముప్పు అలాగే ఉంటుంది. ఒకవేళ చేయించుకుంటే పాత కొలతల కాగితాలు దాచుకోండి. రేపు శుక్లాలకు ఆపరేషన్ జరిగితే, లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్కకు పనికొస్తాయి.

రెండు జోళ్ళు: ఇంకో దారి ఉంది. ఒక కన్ను దూరానికి, ఇంకోటి కాస్త మైనస్ ఉంచి దగ్గరకు. మోనోవిజన్ అంటారు. అందరికీ పడదు. ముందు కాంటాక్ట్ లెన్స్‌తో అలా తిరిగి చూడండి, పడకపోతే తీసి పారేయొచ్చు. లేజర్‌తో చెక్కింది మళ్ళీ అతకదు.

నల్ల ఫ్రేము: మూడు వారాల తర్వాత వస్తున్నాను. లెన్స్ మానేసి మళ్ళీ కొలిపిస్తే కుడి కన్ను 3.75 అని తేలింది. తర్వాత ఎడమ కంటికి తక్కువ పవర్ లెన్స్ పెట్టి వారం తిరిగాను. పగలు ఫోనూ దారీ రెండూ బాగానే కనిపించాయి. రాత్రి బండి తీస్తే మాత్రం ఎదురొచ్చే లైట్లు ఎడమ కంట్లో చెదిరిపోయాయి. రెండో రాత్రి పక్కకు ఆపి, లెన్స్ తీసేసి కళ్ళజోడు పెట్టుకున్నాను. నాది నైట్ డ్యూటీ. అందుకని ఇప్పటికి వద్దనుకున్నాను. ఈతగాడు గారూ, పవర్ వేసిన ఈత గాగుల్స్ ఉంటాయట కదా, మీరెప్పుడైనా వాడారా?