గోమార్ల జ్వరం: డాక్టర్ రాసిన టెస్టులన్నీ చేయించాలా, ఎందుకని అడగొచ్చా?

సనత్‌నగర్ లాబ్:
మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు. రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు, ఒళ్లు కాలిపోతోంది. చెవి వెనక గోమార్లు కనిపించాయి. క్లినిక్‌కి తీసుకెళ్తే జ్వరం 104 ఉందన్నారు. సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడడం), టిక్ ప్యానెల్ (గోమార్ల వల్ల వచ్చే రోగాల టెస్టు), లివర్, కిడ్నీ, స్కానింగ్ అన్నీ ఒకేసారి రాసేశారు. "ఇవన్నీ ఇవాళే కావాలా సార్?" అని అడిగితే "మీరు డాక్టరా, నేను డాక్టరా?" అన్నారు. సీబీసీ, స్మియర్‌కి మాత్రం రక్తం ఇప్పించి వచ్చేశాను. గోమార్ల జ్వరమని తెలుస్తూనే ఉంది కదా, డాక్సీ (డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్) మొదలుపెట్టక ఈ టెస్టుల గోలేంటి అని మా ఆయన. ఇంతకీ అలా అడగడం తప్పా?

బుజ్జిగాడి నాన్న:
తప్పే. మనకి పెద్దాసుపత్రిలో పది టెస్టులు రాస్తే నోరు మూసుకుని కట్టేస్తాం. మూగజీవం దగ్గరికొచ్చేసరికి లెక్కలు గుర్తొస్తాయి.

గన్నవరం చిన్నా:
మీ దగ్గర డబ్బుంది, మీరు ఎన్నైనా చెప్తారు అన్నా. నేను వీధి కుక్కల్ని చూసుకుంటాను. అన్ని టెస్టులూ చేయిస్తే రెండో కుక్కకి మందు కొనలేను. వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోతా. ఫీజు తక్కువ, కాకపోతే పొద్దున్నే వెళ్లి లైన్లో నిలబడాలి.

తెల్ల కోటు:
నేను చేసేది ఈ పనే, పశువుల డాక్టర్ని. "మీరు డాక్టరా" అనడం తప్పు, అందులో వాదన లేదు. కానీ టేబుల్‌కి ఇటువైపు సంగతి కూడా వినండి. కుక్క ఎలాగూ మాట్లాడదు, తెచ్చినవాళ్లు సగం దాస్తారు. "ఇంట్లో ఏమైనా మందు వేశారా?" అంటే "అబ్బే, ఏం లేదండి" అంటారు. మూడోసారి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడుతుంది, అమ్మమ్మ మోకాళ్ల నొప్పుల బ్రూఫెన్ రెండు పూటలా వేశారని. దానితో కుక్కకి కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్ర చాలు, ప్రాణం పోవడానికి. ఇలాంటివి చూసి చూసి, అడిగి లాభం లేదని కిడ్నీ టెస్టు రాసేస్తాం.

ఇక మీ ఆయన మాట. గోమార్ల జ్వరం అంటే ఒక్క రోగం కాదమ్మా. ఎర్లీకియా అనే బ్యాక్టీరియా అయితే డాక్సీకి లొంగుతుంది, చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లోనే లేచి తింటాయి. ఎర్ర రక్తకణాల్లో చేరే బబేసియా అనే పరాన్నజీవి అయితే డాక్సీ ఒక్కటే సరిపోదు, దాని మందులు వేరు. రెండూ కలిసి కూడా రావొచ్చు. అందుకే సీబీసీ, స్మియర్ తప్పనిసరి. ప్లేట్‌లెట్ల విషయంలో మిషన్ ఇచ్చిన అంకె ఒక్కటే చూసి భయపడకండి. ఒక్కోసారి అవి గుంపు కట్టి మిషన్‌కి తక్కువగా కనిపిస్తాయి. స్మియర్‌లో కంటితో చూస్తేనే తేలుతుంది. ముక్కులోంచి రక్తం, కాఫీ రంగు మూత్రం, తెల్లగా పాలిపోయిన చిగుళ్లు, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఇలా అభిప్రాయాలు అడుగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

స్కానింగ్ మొదటి రోజే ఎందుకు రాశారో నేను చెప్పలేను, ఆ కుక్కని నేను చూడలేదు.

పిల్లులమ్మ:
మరి టిక్ ప్యానెల్ గురించి మాట్లాడరేం సార్? మామూలుగా చేసేది యాంటీబాడీ టెస్టే కదా, అంటే క్రిమిని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న రక్షణని చూసేది. రోగం తగ్గిన నెలల తర్వాత కూడా పాజిటివ్ చూపిస్తుంది, రోగం తగిలిన కొత్తలో నెగటివ్ వచ్చేస్తుంది. మా అక్క వాళ్ల పామరేనియన్ శుభ్రంగా తిని గంతులేస్తుంటే, ఆ ఒక్క పాజిటివ్ చూసి మళ్లీ 28 రోజుల డాక్సీ రాశారు.

అందుకే నేను ఎక్కడికెళ్లినా ఒకటే అడుగుతా: "ఈ రిపోర్టు ఎలా వచ్చినా మీరిచ్చే మందు మారుతుందా సార్?" మారుతుందంటే అప్పు చేసైనా చేయిస్తా. లోపలికి వెళ్లగానే డబ్బు సంగతి కూడా చెప్పేస్తా, "ఇవాళ మూడు వేలు దాటలేను, ముందు ఏది అవసరమో అది చేయండి" అని. అక్కడ మొహమాటపడితే బిల్లు కౌంటర్ దగ్గర ఇంకా ఎక్కువ పడాలి.

బుజ్జిగాడి నాన్న:
ఇలా అడిగితే మొహం మాడ్చుకుంటారు. ఆ తర్వాత మన కుక్కని సరిగ్గా చూస్తారా?

తెల్ల కోటు:
మాడ్చుకుంటే డాక్టర్ని మార్చండి. పిల్లులమ్మ గారి ప్రశ్న న్యాయమైనదే, ప్యానెల్ విషయంలో నేను ఒప్పుకుంటాను. లివర్, కిడ్నీ టెస్టుల దగ్గర మాత్రం ఒప్పుకోను. అవి ఏ మందు ఇవ్వాలో చెప్పకపోవచ్చు. ఎంత ఇవ్వాలి, ఇంట్లో ఉంచొచ్చా, సెలైన్ పెట్టాలా అన్నది వాటిని బట్టే తేల్చుకుంటాం. చాలామంది "మందు మారదు కదా" అని అవే ముందు కొట్టేయిస్తారు.

సనత్‌నగర్ లాబ్:
రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 62 వేలు, గుంపులు లేవట, అంటే నిజంగానే తక్కువ. స్మియర్‌లో బబేసియా కనిపించలేదు. వేరే డాక్టర్‌కి చూపించి, పిల్లులమ్మ గారి ప్రశ్న అడిగాను. స్కానింగ్, ప్యానెల్ ఇప్పుడొద్దు, కిడ్నీ, లివర్ చేయిద్దాం అన్నారు. రెండు రోజుల్లో తేరుకోకపోతే బబేసియాకి పీసీఆర్ (రక్తంలో క్రిమి జన్యువుని వెతికే టెస్టు) పంపుదామన్నారు. స్మియర్‌లో కనబడనంత మాత్రాన లేనట్టు కాదట. డాక్సీ 28 రోజులు రాశారు.

గన్నవరం చిన్నా:
28 రోజులూ వేయండక్కా. మా వీధిలో ఒకరు వారానికే ఆపేశారు, కుక్క హుషారుగా ఉందని. మళ్లీ తిరగబెట్టింది.

సనత్‌నగర్ లాబ్:
వేస్తాను గానీ మింగితేగా! పెరుగన్నంలో దాచి పెడితే అన్నం తినేసి మాత్ర ఒక్కటీ గిన్నెలో వదిలేస్తోంది.

తెల్ల కోటు:
పెరుగులో వద్దమ్మా, పాలూ వద్దు. కాల్షియం వల్ల ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. ఉడికించిన చికెన్ ముక్కలో పెట్టండి, పైన నాలుగు గుక్కల నీళ్లు తాగించండి. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది.