ఆర్‌ఎక్స్ 100: ఒకాయన రిచ్ అంటాడు, ఇంకొకాయన లీన్ అంటాడు

లంక కుర్రాడు (రాజోలు దగ్గర)

అందరికీ నమస్కారం అండి. మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఉంది, 1994 మోడల్. చాలాకాలం షెడ్డులోనే ఉండిపోయింది, ఇప్పుడు నేను వాడుతున్నా. రోజూ చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళి రావాలి.

పొద్దున్న చోక్ వేస్తే గానీ అందుకోదు. అందుకున్నాక చోక్ దించితే ఆగిపోతుంది. వేడెక్కాక దీనికి పూర్తిగా ఉల్టా. యాక్సిలేటర్ వదిలేసినా రేసు దిగదు, గుయ్యిమని అలాగే ఉండి మెల్లగా దిగుతుంది. 40లో నిదానంగా పోతుంటే కుదుపులు. పోనీ అని పూర్తిగా తిప్పితే గుడగుడమంటూ మొద్దుబారిపోతుంది, పొగ కూడా బాగా వస్తోంది.

ముందు చూపించిన మెకానిక్ ప్లగ్గు తీసి "తెల్లగా ఉంది, లీన్" అని, అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని, కార్బొరేటర్‌లో పెద్ద మెయిన్ జెట్టు (పెట్రోలు వచ్చే బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క) వేశాడు. కుదుపులు పోలేదు. పూర్తిగా తిప్పితే వచ్చే గుడగుడ ఆ తర్వాత మొదలైందే. ఇంకొకాయన దగ్గరికి వెళ్తే అదే ప్లగ్గు చూసి "నల్లగా ఉంది, రిచ్" అని, అంటే పెట్రోలు ఎక్కువ అని, కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ తిప్పేశాడు. ఇప్పుడు ఐడ్లింగే నిలబడట్లేదు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు. ఇంకా డబ్బులు తగలేసే ముందు ఇక్కడ అడుగుదామని.

కొబ్బరి తోట

బ్రో, షెడ్డులో ఉన్న బండి అంటున్నారు కాబట్టి ముందు కార్బొరేటర్ విప్పి కడగండి. జెట్టు బెజ్జంలోకి గిటారు తీగ దూర్చితే చెత్తంతా వచ్చేస్తుంది. ట్యాంకు మూత గాలి బెజ్జం కూడా చూడండి. అది మూసుకుపోతే కాస్త దూరం పోయాక పెట్రోలు దిగక ఆగిపోద్ది. మూత తీస్తే ఉస్సుమంటుంది, అదే గుర్తు.

పాత బళ్ళ మేస్త్రి (పాలకొల్లు)

బాబూ, మెకానిక్‌లు ఇద్దరూ నిజమే చెప్పారు. నీ బండి కింద లీన్, పైన రిచ్. వాళ్ళు చూసిన చోట్లు వేరు. తెల్లగా ఉన్న ప్లగ్గు నిదానంగా నడిపి వచ్చాక తీసినదై ఉంటుంది, నల్లగా ఉన్నది గట్టిగా తిప్పి వచ్చాక తీసినదై ఉంటుంది.

కార్బొరేటర్‌లో ఒక్కో పనికి ఒక్కో దారి ఉంటుంది. యాక్సిలేటర్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్టు (చిన్న జెట్టు), ఎయిర్ స్క్రూ (గాలి సరిచేసే స్క్రూ) చూసుకుంటాయి. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, అంటే యాక్సిలేటర్‌తో పాటు పైకి లేచే సూది. ఆ పైన మాత్రమే మెయిన్ జెట్టుకి పని. కింద కుదుపులకి మెయిన్ జెట్టు మార్చడమంటే, చేలోని బోదె పూడిపోతే లాకుల దగ్గర తలుపులెత్తడమే. చివరి మడికి నీరందదు, పైన మాత్రం గట్టు తెగుతుంది. నీ గుడగుడ అదే.

పైగా మనం ఉన్నది సముద్ర మట్టానికి దాదాపు ఆనుకుని. కొండెక్కితే గాలి పల్చబడి మిక్చర్ (పెట్రోలు, గాలి పాళ్ళు) మారుతుంది గానీ, రాజోలు పాలకొల్లు మధ్య తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన మెయిన్ జెట్టు కాకుండా ఇంకోటి ఎందుకు? ఫిల్టరూ సైలెన్సరూ పాతవే ఉంటే ముందు ఆ జెట్టు వెనక్కి పెట్టించు.

ఇక అసలు సంగతి. చోక్ లేకపోతే నిలబడకపోవడం, వేడెక్కాక రేసు దిగకపోవడం, చిన్న యాక్సిలేటర్‌లో కుదుపు... ఈ మూడూ కలిసి వచ్చాయంటే నేను స్క్రూ డ్రైవర్ పట్టుకోను, గాలి ఎక్కడ లాగుతోందో వెతుకుతాను. దొంగ గాలి కొంచెమే అయినా, యాక్సిలేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజను పీల్చేదే తక్కువ కాబట్టి అక్కడ బాగా తెలుస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు మొత్తం గాలిలో అదో లెక్క కాదు.

కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు మ్యానిఫోల్డ్ చూడు. ఇన్నేళ్ళ రబ్బరు పైకి బాగానే కనబడుతుంది. ఊడదీసి చేత్తో వంచి చూడు, పగుళ్ళు అడుగు వైపే ఉంటాయి. తీయకుండా చూడాలంటే ఇంజను ఐడ్లింగ్‌లో ఉంచి సబ్బు నీళ్ళు స్ప్రే డబ్బాతో ఆ కీళ్ళ మీద కొట్టు. రేసు మారిందంటే గాలి అక్కడే లాగుతోంది. కొంతమంది పెట్రోలు చల్లి చూస్తారు. వేడి సైలెన్సర్ పక్కన ఆ పని చెయ్యకు తండ్రీ.

రబ్బరు బాగుంటే అప్పుడు క్రాంకు షాఫ్టుకి రెండు వైపులా గాలి చొరబడకుండా ఉండే ఆయిల్ సీళ్ళ మీద అనుమానం. ఇది టూ స్ట్రోక్, క్రాంక్ కేసులోంచే మిక్చర్ పోతుంది, సీలు అరిగితే గాలి లోపలికి వస్తుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే లీన్ అవుతుంది. ఆ వైపు మూత తీసి చూస్తే సీలు అంచు జిడ్డుగా తడిగా ఉంటుంది. క్లచ్ వైపుది పోతే గేరు ఆయిల్ తాగేసి పొగ కక్కుతుంది, గేరు ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. నీ పొగ పెద్ద జెట్టు వల్లా, దీని వల్లా అన్నది ఆయిల్ మట్టం చూస్తే తేలిపోతుంది.

ఇది తేలేదాకా వంతెన మీద లాగించి నడపకు. టూ స్ట్రోక్ లీన్‌లో నడిస్తే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. వెనక చక్రం ఆగిపోయేది లారీల మధ్యే అవుతుంది మరి. తర్వాత సిలిండర్ బోరు ఖర్చు సరేసరి.

పై కుర్రాడికి ఒక మాట: జెట్టులో ఇనప తీగ పెట్టకు నాన్నా. ఇత్తడి మెత్తన. బెజ్జం గీసుకుపోయి పెద్దదైతే దాని మీద నంబరుకి అర్థమే ఉండదు. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలి పెట్టి, వెలుతురుకి ఎత్తి చూడు. బెజ్జం గుండ్రంగా కనబడితే చాలు.

భీమవరం టూటీ

మేస్త్రి గారి మాటకి నాది చిన్న సవరణ. ఇప్పటి పెట్రోలుతో ప్లగ్గు రంగు చూసి తీర్పు చెప్పడం కష్టం అండి, పాత రోజుల్లోలాగా చక్కని ఇటుక రంగు రాదు. నేనైతే గ్రిప్పు మీద టేపు చుట్టి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటాను. కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ కాలవ గట్టు రోడ్డు మీద ఒకే గుర్తు దగ్గర కాసేపు నడిపి, క్లచ్ నొక్కి వెంటనే ఇంజను ఆపేసి ప్లగ్గు తీసి చూస్తాను. ఐడ్లింగ్‌లో ఇంటిదాకా వచ్చి తీస్తే అది ఐడ్లింగ్ రంగు, అంతే.

ఇథనాల్ సంగతి కూడా మర్చిపోకండి. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి పంపుల్లోకి వచ్చింది. మామూలు పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. అంటే పాత జెట్లతో బండి కొంచెం లీన్ వైపే ఉంటుంది. పైగా అది తేమ లాగుతుంది, మన వానాకాలం సంగతి మీకు తెలిసిందే. షెడ్డులో ఉన్న బండికి కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పి, పెట్రోలు గాజు గ్లాసులోకి వంపి చూడండి. అడుగున నీటి బొట్లు వేరుగా కనబడతాయి. ట్యాంకులో తుప్పు ఉంటే రిజర్వులో పెట్టినప్పుడే ఎక్కువ వస్తుంది.

లంక కుర్రాడు (రాజోలు దగ్గర)

మేస్త్రి గారూ, మీరన్నట్టే మ్యానిఫోల్డ్ అడుగున పగులు! పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, వంచితే నోరు తెరిచింది. సబ్బు నీళ్ళు కొట్టగానే రేసు పడిపోయింది. కొత్తది వేయించాను, పాత మెయిన్ జెట్టు డబ్బాలో ఉంటే అదే పెట్టించాను. గేరు ఆయిల్ తగ్గలేదు. టూటీ గారూ, గిన్నెలో నీళ్ళు లేవు గానీ ఎర్ర మట్టిలా తుప్పు ఉంది, ట్యాంకు కడిగించి ఫిల్టర్ వేశాను.

రేసు దిగుతోంది, గుడగుడ లేదు. కానీ పావు నుంచి సగం మధ్య ఇంకా చిన్న వెలితి ఉంది. ఎయిర్ స్క్రూ ఎక్కడ ఉండాలో కూడా చెప్పరా?

పాత బళ్ళ మేస్త్రి (పాలకొల్లు)

ఇంజను బాగా వేడెక్కనివ్వు. ఎయిర్ స్క్రూ మెల్లగా చివరిదాకా మూసి, బిగించకుండా, ఒకటిన్నర చుట్టు తెరువు. అక్కడి నుంచి ఇటూ అటూ కొద్దికొద్దిగా తిప్పుతూ రేసు ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ వదిలేసి, ఐడ్లింగ్ స్క్రూతో రేసు దించుకో. దీనికి బయటికి తిప్పితే లీన్. కొన్ని ఫోర్ స్ట్రోక్‌లకి ఇంజను వైపు ఉండే స్క్రూ దీనికి ఉల్టా, అది చూసి కంగారు పడకు. పూర్తిగా మూస్తే తప్ప నిలబడట్లేదంటే పైలట్ జెట్టు ఇంకా మూసుకుని ఉన్నట్టే.

పావు నుంచి సగం వెలితి నీడిల్‌ది. టూటీ గారు చెప్పిన ఇథనాల్ లీను కూడా ఇక్కడే తెలుస్తుంది. నీడిల్ పైభాగాన గాట్లలో ఉండే క్లిప్పు ఒక్క గాటు కిందికి దించు, నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఒక్క గాటే. క్లిప్పు తీసేటప్పుడు కింద గుడ్డ పరుచుకో, ఎగిరి మట్టిలో పడితే దొరకదు.