అప్‌డేట్: దసరా తర్వాత మా టీమ్ గోల్ఫ్

ఆఫీసు టీమ్‌లో ఇద్దరికే గోల్ఫ్ వచ్చు, మిగతావాళ్లకు బోర్ కొట్టకుండా ఎలా ఆడాలి అని దసరాకు ముందు అడిగాను. స్క్రాంబుల్ ఆడమన్నవాళ్లకు చాలా థాంక్స్. మొన్న ఆదివారం గుంటూరు శివార్లలో, ఒక కొలీగ్ వాళ్ల ఖాళీ స్థలంలో ఆడేశాం.

స్క్రాంబుల్ అంటే జట్టులో నలుగురూ కొట్టాలి, అందులో మంచిచోట పడ్డ బంతి దగ్గర్నుంచే మళ్లీ నలుగురూ కొట్టాలి. ఒకరి షాట్ తుస్సుమన్నా టెన్షన్ లేదు. హోల్స్‌కి డబ్బాలు పాతాం. హోల్ అసలు వెడల్పు 108 మిల్లీమీటర్లు, మావి కాస్త పెద్దవే. కావాలనే లెండి!

ముందురోజు వానకు నేల మెత్తబడి బంతులు బురదలో కూరుకుపోయాయి. రూల్స్ ప్రకారం అలాంటి బంతిని పెనాల్టీ లేకుండా తీసి, తుడిచి, దాని వెనకే మోకాలి ఎత్తు నుంచి వదలొచ్చు. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి వదలాల్సి వచ్చేది. పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే టైమ్. తుమ్మ పొదల్లో మా అకౌంట్స్ సార్ మాత్రం పావుగంట వెతికారు. బంతులు ఆయనవి మరి!

ఆఖరి హోల్లో బంతి వేసింది ఎప్పుడూ క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టని రిసెప్షన్ మేడమ్.

కార్తీక వనభోజనాల రోజు మళ్లీ అక్కడే ఆడుతున్నాం. ఉసిరి చెట్టు సరిగ్గా మధ్యలో ఉంది, దాని మీదుగా కొట్టాలంటే ఏ క్లబ్ తీసుకోవాలో చెప్పండి.